డర్ట్ బైక్ ఫోమ్ ఫిల్టర్ పెట్రోల్‌తో కడిగితే పొర ఊడింది, ఇంజన్‌కి ఏమైనా అయ్యుంటుందా?

పొదిలి ఎర్రదుమ్ము:

అన్నలూ, రెండు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో కవాసకి కేఎల్ఎక్స్ 140 తీసుకున్నా. రోడ్డు మీద తిప్పడానికి లేదు కాబట్టి ఆదివారం పొద్దున్నే టాటా ఏస్‌లో వేసుకుని మా ఊరి పక్కన ఎండిపోయిన చెరువులోకి తీసుకుపోతాం, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కూడా వస్తారు. ఇప్పుడు ఆ చెరువు ఎట్టా ఉందంటే పైన పెచ్చులు, పెచ్చు లేస్తే కింద పౌడర్ డబ్బా గుమ్మరించినట్టు మెత్తటి దుమ్ము. ముందు బండి పోయిందంటే వెనక వాడికి హ్యాండిల్ కూడా కనపడదు.

ఆరు ఆదివారాలు తిప్పాక ఇంజన్‌కి పోయే గాలిని వడకట్టే ఫోమ్ ఫిల్టర్ తీసి చూస్తే ఇటుక రాయిలా ఉంది. ఇక్కడ మెకానిక్ ఒకాయన పెట్రోల్‌లో ముంచి పిండెయ్, కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి పెట్టెయ్ అన్నాడు. అట్లాగే చేశా, బట్టలు పిండినట్టు గట్టిగా మెలిపెట్టి పిండా. ఆ తర్వాత ఆదివారం బండి గుంజడం లేదు, ఎక్స్‌లరేటర్ ఇస్తే గొంతు పట్టేసినట్టు ఉంది. కింద ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ కూర్చునే డబ్బా) నుంచి వచ్చే చిన్న గొట్టం నిండా నల్లటి ఆయిల్. ఫిల్టర్ మళ్ళీ తీస్తే పై పొర, లోపలి పొర అతికిన చోట వేలెడంత పొడుగు ఊడిపోయి ఉంది.

నా డౌట్లు: దీన్ని ఫెవిక్విక్‌తో అతికించుకోవచ్చా, కొత్తది కొనాలా? ఏ ఆయిల్ వాడాలి? ఎన్నాళ్ళకోసారి కడగాలి? అన్నిటికంటే పెద్ద టెన్షన్, ఇంజన్‌లోకి దుమ్ము పోయి ఉంటుందా?

నెల్లూరు టూస్ట్రోక్:

తమ్ముడూ, ముందు ఆ ఫిల్టర్ బండిలో పెట్టొద్దు, ఆదివారం అనేది మర్చిపో. ఫెవిక్విక్ రాస్తే ఆ చోట రాయిలా గట్టిపడి పక్కన ఇంకో చోట చినుగుతుంది. కొత్తది కొను, కొంటే రెండు కొను, ఎందుకో తర్వాత చెప్తా.

నేను చేసేది యమహా ఆర్‌ఎక్స్ 100 టూస్ట్రోక్ బండ్ల పని, డర్ట్ బైకులు అప్పుడప్పుడే వస్తాయి, కానీ స్పాంజ్ ఫిల్టర్ సంగతి రెండిటికీ ఒకటే. ఆ బండ్ల తయారీ 1996లోనే ఆగిపోయి ఇన్నేళ్ళయినా మా ఊళ్ళో పిచ్చి తగ్గలేదు, వారానికి ఒకటన్నా షెడ్డుకి వస్తుంది, వచ్చిన వాటిల్లో సగం బండ్లకు స్పాంజే ఉండదు. సౌండ్ బాగా రావాలని తీసి పారేస్తారు. టూస్ట్రోక్‌లో గాలి ముందు క్రాంక్ దగ్గరికే పోతుంది, దుమ్ము పోతే బోర్‌తో (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పాటు క్రాంక్ బేరింగులు కూడా గోవిందా. అది వేరే బాధ, వదిలెయ్.

నువ్వు చేసిన తప్పు అసలు ఏందంటే, దుమ్మును ఫోమ్ పట్టుకుంటుందని అనుకున్నావు. ఫోమ్ రంధ్రాలు మీ చెరువు దుమ్ము కంటే చాలా పెద్దవి, ఉత్త ఫోమ్ అయితే అందులోంచి దర్జాగా దూరిపోతుంది. పట్టుకునేది ఆయిల్. గాలి ఆ రంధ్రాల్లో వంకర్లు తిరుగుతూ పోతుంటే దుమ్ము రేణువు బరువుకి మలుపు తిరగలేక గోడకు తగులుతుంది, గోడకు బంక ఉంటే అక్కడే అతుక్కుంటుంది. బంక లేకపోతే మళ్ళీ ఎగిరి లోపలికి పోతుంది. ఇంజన్ ఆయిల్‌కి జిడ్డు ఉంటుంది గానీ బంక ఉండదు. ఇంజన్ వేడికి పల్చబడి, అదురుకి జారి కిందికి దిగిపోతుంది. పైన సగం ఫోమ్ ఎండిపోయి, కింద సగం ఆయిల్‌లో నాని ఉంటుంది. నీ గొట్టంలో కనపడిన నల్ల ఆయిల్ అదే. బండి గొంతు పట్టేసింది కూడా అందుకే, కింద సగంలోంచి గాలి రాదు, పైన సగంలోంచి దుమ్ముతో సహా వస్తుంది.

పెట్రోల్ సంగతి. ఫోమ్ పొరల్ని అతికించిన గమ్ము పెట్రోల్‌కి కరుగుతుంది, నీకు అదే అయింది. పైగా బకెట్లో పెట్రోల్ పోసుకుని ఇంటి వరండాలో కూర్చుని పిసకడం ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు. ఒక నిప్పురవ్వ చాలు.

కడిగే పద్ధతి ఇది. చేతులకు గ్లవ్స్ వేసుకో. కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టం, పెయింట్ షాపులో టర్పెంటైన్ దొరుకుతుంది, పాత టబ్బులో ఫోమ్ మునిగేంత పోసి నాననివ్వు. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కు, వదులు, నొక్కు, వదులు. మెలితిప్పొద్దు, లాగొద్దు. మురికి ఉండగా లోపలి వైపు బయటికి తిరగెయ్యొద్దు, బయట దుమ్ము లోపలి మెత్తటి పొరలోకి ఎక్కుతుంది. టర్పెంటైన్ నల్లగా అయితే పారబోసి కొత్తది పొయ్యి, అది కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి పక్కన పెట్టు. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కడుగు, లోపలి నుంచి బయటికి నీళ్ళు పోనివ్వు. నురగ తెల్లగా వచ్చేదాకా. నీడలో పేపర్ మీద పెట్టి రాత్రంతా ఆరనివ్వు. మన ఎండలకు అరగంటలో ఆరిపోతుంది కదా అని మేడ మీద పెడతారు, నాలుగుసార్లు అట్లా పెడితే ఫోమ్ పెళుసుబారి వేలితో నలిపితే పొడి రాలుతుంది. ఎయిర్ గన్ కూడా కొట్టొద్దు, చిరుగుతుంది.

తడి ఏమాత్రం ఉన్నా ఆయిల్ పట్టదు. ఆరిందో లేదో తెలియాలంటే టిష్యూ పేపర్ పెట్టి గట్టిగా నొక్కు. తర్వాత ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ అని విడిగా అమ్ముతారు, మోటుల్‌వి దొరుకుతున్నాయి, అది తీసుకో. మడతల బట్ట ఫిల్టర్లకు వేసే ఆయిల్ వేరు, పల్చగా ఉంటుంది, అది తెచ్చుకోవద్దు. ఫోమ్‌ని ఒక మందపాటి ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆయిల్ పోసి, కవర్ మూతి పట్టుకుని పూరీ పిండి కలిపినట్టు పిసుకు. తీసి వెలుతురుకు పెట్టి చూడు. ఈ ఆయిల్‌కి రంగు ఉంటుంది, ఎక్కడన్నా తెల్ల మచ్చ కనపడితే అక్కడ ఆయిల్ లేనట్టే, దుమ్ముకి అదే గుమ్మం. అంతా ఒకే రంగు వచ్చాక మిగిలింది మెల్లగా నొక్కి తీసెయ్. చుక్కలు కారకూడదు, ముట్టుకుంటే వేలు అంటుకోవాలి. కాసేపు ఆగి బిగించు.

ఇంజన్ సంగతికి వస్తే, ఫిల్టర్ తీసి కార్బొరేటర్ వైపు పోయే రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తుడువు. ఏం వచ్చిందో చెప్పు, తర్వాత మాట్లాడదాం.

చీమకుర్తి గెలాక్సీ:

అంతా బాగానే చెప్పారు గానీ టర్పెంటైన్ ఎందుకండీ, మేము క్వారీలో అన్నీ డీజిల్‌తోనే కడుగుతాం, ఏమీ కాలేదు. మా దుమ్ము ముందు చెరువు దుమ్ము ఏపాటి, గ్రానైట్ కోసే చోట నిలబడితే సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లబడతాయి.

నెల్లూరు టూస్ట్రోక్:

డీజిల్‌తో గమ్ము ఊడకపోవచ్చు, కాదనను. కానీ డీజిల్ తొందరగా ఆరదు, ఫోమ్‌లో జిడ్డు మిగిలిపోతుంది, ఆ జిడ్డు మీద ఫిల్టర్ ఆయిల్ వేస్తే బంక పల్చబడుతుంది. డీజిల్ వాడితే సబ్బు నీళ్ళు రెండుసార్లు పట్టించాలి. ఆ శ్రమకి టర్పెంటైన్ డబ్బా నయం.

కావలి కెరటం:

టూస్ట్రోక్ అన్న రెండు ఫిల్టర్లు ఎందుకు కొనమన్నాడో నేను చెప్తా. రైడ్ అయిపోయి ఇంటికి వచ్చాక ఒళ్ళంతా పులిసిపోయి ఉంటుంది, ఎవడు కడుగుతాడు. ఒకటి కడిగి, ఆయిల్ పట్టించి, జిప్ కవర్లో పెట్టి ఉంచుకుంటే మురికిది తీసి మంచిది పెట్టడం పది నిమిషాల పని. కవర్లో పెట్టింది వారాల తరబడి అట్లాగే ఉంటుంది.

ఎన్నాళ్ళకోసారి అంటావా, నెలల లెక్క వెయ్యొద్దు. మీరు ముగ్గురు తిప్పుతున్నారు, వెనక ఉన్నవాడు ముందు ఇద్దరి దుమ్ము తింటాడు. అట్లాంటి రోజు అయితే ఆ రోజే మార్చాలి. వానకు తడిసిన నేలలో ఒక్కడివే తిప్పితే రెండు మూడు రైడ్లు లాగొచ్చు. ఆరు ఆదివారాలు అంటే మాత్రం అబ్బాయ్, నీ బండికి దండం పెట్టాలి.

బీచ్ పక్క వాళ్ళకి ఒక మాట. ఇసుక బరువు కాబట్టి ఫిల్టర్ దాకా తక్కువే వస్తుంది, కానీ ఎయిర్‌బాక్స్ అడుగున చేరి, ఫిల్టర్ తీసేటప్పుడు జలజలా గొట్టంలోకి రాలుతుంది. ఫిల్టర్ తీయగానే ఆ రంధ్రానికి శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఆ గుడ్డ తియ్యడం మర్చిపోయి స్టార్ట్ కావడం లేదని అరగంట కొట్టుకున్నది ఎవరో అడగొద్దు.

ఒంగోలు ఎక్స్‌పల్స్:

మధ్యలో వస్తున్నందుకు సారీ. నా హీరో ఎక్స్‌పల్స్ 200 బైక్‌ది మడతల కాగితం ఫిల్టర్. వెలిగొండ కొండల వైపు వెళ్ళొచ్చాక బాగా మురికైంది. దీన్ని కూడా ఇట్లా కడిగి ఆయిల్ రాయొచ్చా?

కావలి కెరటం:

వద్దు బ్రో. కాగితం ఫిల్టర్ కడిగితే పోయినట్టే, మనం పైన ఆయిల్ పోస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. కొన్నిటికి కంపెనీలోనే కొంచెం ఆయిల్ పట్టించి ఇస్తారు, అది చూసి మనమూ రాయాలనుకుంటారు. కాగితానిది ఒకటే మందు, మార్చడం. దుమ్ములో తిరిగితే బుక్కులో రాసిన కిలోమీటర్ల కంటే ముందే మార్చు.

పొదిలి ఎర్రదుమ్ము:

టూస్ట్రోక్ అన్నా, వేలు పెట్టి తుడిచా. వేలికి సున్నిపిండి లాంటి ఎర్రటి పొడి అంటింది, బొటనవేలితో కలిపి రుద్దితే గరగరమంటోంది. గుండె జారిపోయింది. కానీ ఒక విచిత్రం చూశా. ఆ పొడి గొట్టం అంతా లేదు, కింది వైపు మాత్రం చారలాగా ఉంది. ఆ చార ఎక్కడ మొదలైందా అని టార్చ్ వేసి చూస్తే ఫిల్టర్ అంచు వచ్చి ఆనుకునే చోట సరిగ్గా నాలుగు వేళ్ళ వెడల్పున ఎర్రగా ఉంది, పొర ఊడింది మాత్రం పై వైపు. అంటే దుమ్ము చిరుగులోంచి కాకుండా అంచు సందులోంచి పోయిందా?

నెల్లూరు టూస్ట్రోక్:

శభాష్, మంచి పని చేశావు. చాలామంది ఫోమ్‌కి లీటర్లకు లీటర్లు ఆయిల్ పోస్తారు, అంచు మాత్రం చూడరు. ఫిల్టర్ అంచు ఎయిర్‌బాక్స్‌కి ఆనే చోట గ్రీజు రాయాలి. నువ్వు రాయలేదు కదా? నీకు అమ్మిన వాడు కూడా రాసి ఉండడు. నీళ్ళకు పోని బేరింగ్ గ్రీజు తీసుకుని చిటికెన వేలితో అంచు చుట్టూ సన్నగా, ఎక్కడా తెగకుండా రాయి. సందు ఉంటే గ్రీజు మూస్తుంది, వచ్చిన దుమ్ము కూడా దానికే అంటుకుంటుంది. తర్వాత ఎప్పుడు ఫిల్టర్ తీసినా ముందు ఆ గ్రీజు గీత చూడు. గీతకి బయట ఎర్రగా, లోపల శుభ్రంగా ఉంటే అంతా బాగున్నట్టు. గీతని దాటి ఎరుపు లోపలికి వచ్చిందంటే ఆ చోట సరిగా కూర్చోలేదు. లోపల ఫోమ్‌ని నిలబెట్టే ప్లాస్టిక్ జాలీ వంగిందేమో, బోల్టు పక్కకు పోయిందేమో కూడా చూడు, కిందే చార వచ్చిందంటే నాకు జాలీ మీద అనుమానంగా ఉంది.

ఇంజన్‌కి వెంటనే భయపడొద్దు. దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇనుము కంటే గట్టిది, రింగుల్ని, బోర్‌ని నెమ్మదిగా అరగదీస్తుంది, ఒక్క రోజులో పగలగొట్టదు. గొట్టం తడిగుడ్డతో తుడిచెయ్, కార్బొరేటర్ విప్పి కడిగించు. ఇంజన్ ఆయిల్ మార్చు, తీసిన ఆయిల్ తెల్ల ప్లేట్‌లో పోసి ఎండలో చూడు, మిలమిలా మెరుస్తుంటే నాకు చెప్పు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా, ఆయిల్ లెవెల్ తగ్గుతోందా చూడు. ఇవేమీ లేకపోయినా ఒకసారి కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) పెట్టించు. తక్కువ వస్తే అప్పుడు పిస్టన్, రింగుల మాట.

చీమకుర్తి గెలాక్సీ:

గ్రీజు సంగతి నిజం. మా కంప్రెసర్లలో కూడా ఫిల్టర్ కొత్తదే, సీల్ సరిగా కూర్చోక లోపల అంతా బూడిద. ఫిల్టర్ కంపెనీని తిట్టుకున్నాం ఆరు నెలలు. డీజిల్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

పొదిలి ఎర్రదుమ్ము:

అప్‌డేట్. జాలీ నిజంగానే వంగి ఉంది అన్నా, కింద ఒక పక్క వెంట్రుక సందు కంటే కొంచెం ఎక్కువ, అట్ట ముక్క దూర్చి చూశా, దూరింది. జాలీ, రెండు ఫిల్టర్లు ఆర్డర్ పెట్టా. ఆయిల్ మార్చా, తీసింది నల్లగా ఉంది గానీ మెరుపు లేదు. నీలం పొగ లేదు. కంప్రెషన్ చూసే గేజ్ ఇక్కడ ఎవరి దగ్గరా లేదు, ఒంగోలు తీసుకుపోవాలి, ఎట్లాగూ టాటా ఏస్ కిరాయి తప్పదు. ఒంగోల్లో గేజ్ ఉన్న షెడ్డు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. టర్పెంటైన్ వాసనకి మా అమ్మ ఆ టబ్బుతో సహా నన్ను పశువుల పాక దగ్గరికి తరిమింది, ఇకమీదట నా సర్వీస్ సెంటర్ అక్కడే.