మాస్లో పిరమిడ్‌ను ఎంబీఏ సిలబస్ నుంచి ఎత్తేస్తే నష్టమేంటి?

మూడో బెంచీ:
ఎంబీఏ మొదటి సెమిస్టర్ "మేనేజ్‌మెంట్ అండ్ ఆర్గనైజేషనల్ బిహేవియర్" పేపర్లో మోటివేషన్ యూనిట్ దాదాపు అన్నిచోట్లా ఒకే వరసలో నడుస్తుంది. మనిషి ఎందుకు పనిచేస్తాడో సిద్ధాంతాలు చెప్పిన మాస్లో, హెర్జ్‌బర్గ్, మెక్‌గ్రెగర్, టైము మిగిలితే వ్రూమ్. ఇందులోంచి మనిషి అవసరాలను కింది నుంచి పైకి ఐదు అంచెలుగా చూపే మాస్లో పిరమిడ్‌ను తీసేయాలని నా పక్షం.

అసలు ఆ బొమ్మ మాస్లోది కాదు. 1943 నాటి ఆయన వ్యాసంలో పిరమిడ్ ఎక్కడా కనపడదు. అదెక్కణ్ణుంచి వచ్చిందో 2019లో బ్రిడ్జ్‌మన్, కమింగ్స్, బలార్డ్ అనే ముగ్గురు కూపీ లాగితే, 1960లో చార్లెస్ మెక్‌డెర్మిడ్ అనే కన్సల్టింగ్ సైకాలజిస్టు ఒక బిజినెస్ పత్రికకు రాసిన వ్యాసం దగ్గర తేలింది. పోనీ సరుకైనా నిలబడిందా అంటే అదీ లేదు. 1976లో వాబా, బ్రిడ్‌వెల్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఒకచోట పెట్టి చూశారు. అవసరాలు ఐదు విడివిడి అంచెలుగా ఉంటాయనడానికి గానీ, కిందిది నిండాకే పైది మొదలవుతుందనడానికి గానీ గట్టి ఆధారం దొరకలేదు. అలాంటిదానికి 10 మార్కులు ఎందుకివ్వాలి? ఆ క్లాసులు లాక్, లేథమ్‌ల గోల్ సెట్టింగ్‌కి (స్పష్టమైన, కష్టమైన లక్ష్యం పెడితే పని మెరుగవుతుందనే సిద్ధాంతానికి) ఇస్తే పిల్లలు రేపు ఉద్యోగంలో టార్గెట్ ఎలా పెట్టాలో నేర్చుకుంటారు.

పాత నోట్సు:
బొమ్మ తప్పని మాస్లోను వెళ్లగొడతానంటే ఎలా అండీ? ఆ 1943 వ్యాసంలోనే ఆయన ఒక మామూలు మనిషిని ఊహించి అంకెలు వేశాడు: శారీరక అవసరాలు 85 శాతం తీరి ఉండొచ్చు, భద్రత 70, ప్రేమ 50, గౌరవం 40, స్వీయ సాఫల్యం (తనలోని సామర్థ్యాన్ని పూర్తిగా అందుకోవడం) 10. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలేనని తనే చెప్పాడు. కింది మెట్టు నూటికి నూరు నిండాకే పై మెట్టు అనడం అపోహేనని కూడా రాశాడు. కొందరికి ప్రేమ కన్నా గౌరవమే ముందు వస్తుందని మినహాయింపులూ ఇచ్చాడు. పిరమిడ్ గీయగానే ఇవన్నీ ఎగిరిపోయి ఐదు గీతలు మిగిలాయి.

కాబట్టి తీసేయాల్సింది బొమ్మను. బోర్డు మీద పిరమిడ్‌కు బదులు ఐదు అడ్డ పట్టీలు గీసి, 85 నుంచి 10 దాకా ఒక్కోదాన్ని అంతంత మేర నింపండి. అన్ని అవసరాలూ ఒకేసారి, ఎక్కువ తక్కువలుగా పనిచేస్తాయన్నది కంటికే కనిపిస్తుంది. రెండు నిమిషాల పని.

కరెక్షన్ పెన్ను:
పేపర్లు దిద్దే వైపు నుంచి రెండు మాటలు. బొమ్మ, ఐదు పేర్లు, ఒక్కోదానికి ఒక కంపెనీ ఉదాహరణ, చివర రెండు లైన్ల విమర్శ. 10 మార్కుల జవాబు సాధారణంగా ఇంతే. పోయే మార్కులు ఉదాహరణల దగ్గరే పోతాయి. స్వీయ సాఫల్యం కింద "కారు, సొంత ఇల్లు" రాస్తారు. జీతాన్ని మొదటి అంచెలో పడేసి వదిలేస్తారు. జీతం ఇంటి కిరాణాకు మొదటి అంచె, పీఎఫ్‌కు రెండోది, పక్క సీటు వాడికన్నా ఎక్కువ వస్తుందంటే నాలుగోది. ఒకే రూపాయి మూడు అంచెల్లో తిరుగుతుందని రాసినవాడికి విషయం తెలిసినట్టు.

హెర్జ్‌బర్గ్ పనిలోని అంశాలను రెండుగా విడగొట్టాడు: సంతృప్తినిచ్చే మోటివేటర్లు, లోపిస్తే అసంతృప్తి తెచ్చే హైజీన్ ఫ్యాక్టర్లు. అక్కడ ఇంకో పొరపాటు: "జీతం హైజీన్ ఫ్యాక్టర్ కాబట్టి ముఖ్యం కాదు" అని. ఆయన అన్నది వేరు. అసంతృప్తి పోతే మిగిలేది సంతృప్తి కాదు, అసంతృప్తి లేకపోవడం మాత్రమే. రెండూ వేర్వేరు కొలబద్దలు. ఒకే గీతకు రెండు కొసలుగా గీసినవాళ్లకు సగం మార్కులు పోతాయి.

మూడో బెంచీ:
హెర్జ్‌బర్గ్‌నూ నేను వదలను. 1959 పుస్తకానికి పునాది పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లు, అకౌంటెంట్లు. పనిలో బాగా అనిపించిన సందర్భం, చెడ్డగా అనిపించిన సందర్భం చెప్పమన్నారు. మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే మేనేజర్ తప్పు, కంపెనీ పాలసీ తప్పు. మనిషన్నవాడు ఇలాగే చెబుతాడు. ఆ తీరునే రెండు ఫ్యాక్టర్లు అనుకున్నారేమో అన్నది 1960ల నుంచీ ఉన్న ఆక్షేపణ.

పాత నోట్సు:
అందుకే ఉంచాలంటున్నా! ఈ ఆక్షేపణ క్లాసులోనే పరీక్షించి చూడొచ్చు, 35 నిమిషాలు చాలు. 60 మంది ఉన్నారనుకోండి. తలా ఒక తెల్ల చీటీ, ఒక రంగు చీటీ. పోయిన సెమిస్టర్లో బాగా మార్కులొచ్చిన సబ్జెక్టు ఒకటి, ఎందుకొచ్చాయో రెండు వాక్యాల్లో తెల్ల చీటీ మీద. మార్కులు పోయిన సబ్జెక్టు, కారణం రంగు చీటీ మీద. పేర్లు వద్దు. రాయడానికి 8 నిమిషాలు. చీటీలు కలిపి వేరేవాళ్లకు పంచాలి, వాళ్లు ఒక్కో కారణం పక్కన "నేను" అనో "బయట" అనో గుర్తు పెడతారు. బోర్డు మీద నాలుగు గడుల్లో లెక్క వేస్తే ఆక్షేపణలో పస ఎంతో అక్కడే తేలుతుంది.

ఇది చెడిపోయేది మూడుచోట్ల. హెర్జ్‌బర్గ్ పాఠం ముందే చెప్పేస్తే పిల్లలు పుస్తకంలో ఉన్నదే రాస్తారు. ఎవరి చీటీకి వాళ్లే గుర్తు పెట్టుకుంటే లెక్క పనికిరాదు. ఇక "పేపర్ టఫ్‌గా వచ్చింది, నేనూ సరిగా చదవలేదు" లాంటి వాక్యాలకు ఏం గుర్తు పెట్టాలో ముందే చెప్పాలి. రెండు కారణాలుగా విడగొట్టి రెండు గుర్తులు పెట్టించండి. లేదంటే గుర్తు పెట్టేవాళ్లు తలోరకంగా పెడతారు.

రిలే గది:
మీరిద్దరూ మాస్లో దగ్గరే కొట్టుకుంటున్నారు. అంతకన్నా అన్యాయంగా చెప్పే పాఠం హాథార్న్. నోట్సుల్లో ఉండేది ఇంతే: "లైటు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగింది, ఎందుకంటే కార్మికులను పట్టించుకున్నారు." హాథార్న్ అంటే షికాగో పక్కన సిసెరోలో ఉన్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ. లైట్ల ప్రయోగాలు 1924లో మొదలయ్యాయి. రిలే గది ప్రయోగం 1927లో. ఐదుగురు అమ్మాయిలు రిలేలు (టెలిఫోన్ వ్యవస్థలోని స్విచ్చులు) బిగిస్తారు, ఆరో అమ్మాయి విడిభాగాలు అందిస్తుంది. ఉత్పత్తి సుమారు 30 శాతం పెరిగిన మాట నిజమే.

నోట్సుల్లో రానివి చూడండి. 1928 జనవరిలో, మాటలు ఎక్కువయ్యాయనీ సహకరించడం లేదనీ ఇద్దరిని తీసేసి, చురుకైన ఇద్దరిని తెచ్చిపెట్టారు. బయట డిపార్ట్‌మెంటులో దాదాపు 100 మంది పనిని కలిపి పీస్ రేటు (చేసిన వస్తువుల సంఖ్యను బట్టి కూలి) లెక్కకట్టేవాళ్లు. ఈ గదిలో ఆ లెక్క చిన్న గుంపుకు కుదించారు. నా పని పెరిగితే నా జీతంలో కనపడుతుందన్నమాట. దీని తర్వాత వేరే గుంపుకు జీతం పద్ధతి ఒక్కటే మారిస్తే ఉత్పత్తి 12 శాతం పైచిలుకు పెరిగింది, పాత పద్ధతికి తెస్తే పడిపోయింది. మైకా చీల్చే గదిలో జీతం కదపకుండా విరామాలు ఇస్తే 15 శాతం పైచిలుకు పెరిగింది. అంటే డబ్బుకూ పాత్ర ఉంది, పని పరిస్థితులకూ ఉంది. 1967లో అలెక్స్ క్యారీ తన విమర్శను ఎక్కుపెట్టింది సరిగ్గా ఇక్కడే.

ఆ తర్వాతిది బ్యాంక్ వైరింగ్ గది (టెలిఫోన్ స్విచ్చుల వరసలకు వైర్లు కలిపే చోటు), 1931–32. 14 మంది మగవాళ్లు, గదిలోనే కూర్చుని చూసే ఒక పరిశీలకుడు. యాజమాన్యం లెక్క రోజుకు 7,312 కనెక్షన్లు, వాళ్లు తమలో తాము పెట్టుకున్న హద్దు 6,000 నుంచి 6,600. దాటినవాడి జబ్బ మీద ఒక్కటిచ్చేవాళ్లు. పట్టించుకుంటే చాలు ఉత్పత్తి పెరుగుతుందన్న మాటే నిజమైతే, ఇక్కడ మనిషి పక్కనే కూర్చున్నా ఎందుకు పెరగలేదు? ఈ రెండు గదులనూ పక్కపక్కన పెట్టి అడిగితే రెండు క్లాసులు గడిచిపోతాయి. అడగడం మాని "హాథార్న్ ఎఫెక్ట్" నిర్వచనం రాయిస్తున్నారు. ఆ పేరు కూడా 1950ల్లో పెట్టిందే.

గోదావరి గట్టు:
సిసెరో దాకా దేనికండీ, కాకినాడ ఉండగా. 1964లో అమెరికన్ మనస్తత్వవేత్త మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను సుమారు 50 మందిని హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు, అంటే ఇప్పటి ఎన్ఐ-ఎంఎస్‌ఎంఈకి రప్పించి దాదాపు 10 రోజులు అచీవ్‌మెంట్ మోటివేషన్ శిక్షణ ఇచ్చింది. బొమ్మ చూసి కథ రాయడం, అందులో సాధించాలన్న తపన ఎంతుందో తామే లెక్కకట్టుకోవడం, వ్యాపారానికి లక్ష్యం రాసుకోవడం, అన్నీ చేయించారు. పోలికకు శిక్షణ ఇవ్వని రాజమండ్రి వ్యాపారులు. శిక్షణ పొందినవాళ్లు తర్వాత ఎక్కువ గంటలు పనిచేశారనీ, కొత్త వ్యాపారాలు ఎక్కువ మొదలుపెట్టారనీ 1969లో మెక్‌క్లెలాండ్, వింటర్ పుస్తకంగా తెచ్చారు. మన పిల్లలకు ఇది ఆంట్రప్రెన్యూర్‌షిప్ పేపర్లో ఒక పేరాగా కనిపిస్తుంది, మోటివేషన్ యూనిట్లో అదీ ఉండదు.

రిలే గది:
ఒప్పుకుంటా, కానీ దీన్నీ గుడ్డిగా చెప్పకూడదు. శిక్షణకు రావడానికి ఒప్పుకున్నవాళ్లు అప్పటికే చురుకైనవాళ్లు కావచ్చు. 10 రోజులు ఊరికి దూరంగా అందరూ కలిసి ఉన్నారు. తర్వాతి మార్పు శిక్షణ వల్లా, కలిగిన పరిచయాల వల్లా? ఈ ప్రశ్న అడిగించడానికైతే కాకినాడను మించిన కేసు లేదు.

మూడో బెంచీ:
సరే, ఉంచండి. మరి టైమో? యూనిట్‌కి పది పన్నెండు క్లాసులు. మాస్లోకు మూడు, హెర్జ్‌బర్గ్‌కు మూడు పోతే వ్రూమ్ చివరి రోజు జిరాక్స్ కాగితంగా మిగులుతాడు. ఉద్యోగంలో పనికొచ్చేది ఆయనే: ఉత్సాహం అంటే రెండు నమ్మకాలనూ ఫలితం విలువనూ గుణించినది అన్నాడు. ఒక సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ను తీసుకోండి. కష్టపడితే టార్గెట్ కొడతానన్న నమ్మకం 0.7. కొడితే ఇన్సెంటివ్ నిజంగా చేతికొస్తుందన్న నమ్మకం 0.2, పోయిన ఏడాది ఏదో సాకుతో కోసేశారు కాబట్టి. ఆ డబ్బు విలువ అతనికి 0.9. గుణిస్తే 0.126. కంపెనీ ఇన్సెంటివ్ మొత్తం పెంచి విలువను 1 చేసినా 0.14 దగ్గరే ఆగుతుంది. చెప్పిన డబ్బు చెప్పిన తేదీకి ఇచ్చి ఆ 0.2ను 0.6 చేస్తే 0.378. ఎక్కడ రిపేరు చేయాలో లెక్కే చెబుతుంది.

పాత నోట్సు:
లెక్క ముచ్చటగా ఉంది. ఆ 0.9 ఎవరు కొలిచారు? 40 డిగ్రీల ఎండ 20 డిగ్రీలకు రెట్టింపు వేడి కాదు. అలాగే ఇష్టానికి వేసే అంకెకు సరైన సున్నా లేదు, గుణిస్తే వచ్చినదానికి "మూడు రెట్లు" అన్న అర్థమూ ఉండదు. పైగా 1964లో వ్రూమ్ చెప్పింది ఒకే మనిషి తన ముందున్న దారుల్లో దేన్ని ఎంచుకుంటాడని. క్లాసుల్లో రమేష్‌కు 0.3, సురేష్‌కు 0.5, కాబట్టి సురేష్ ఎక్కువ కష్టపడతాడని లెక్కలు చేయిస్తున్నారు. అది ఆ సిద్ధాంతం చెప్పని మాట. ఆధారం గట్టిగా లేదని మాస్లోను తీసేసేవారు దీన్నెలా ఉంచుతారు?

మూడో బెంచీ:
గుణకారం మీద మీ మాట నిజమే. మనిషికీ మనిషికీ పోలిక నేను పెట్టలేదు, ఒకే ఎగ్జిక్యూటివ్‌కు మూడు పరిస్థితులు పెట్టాను. "మూడు రెట్లు" అనకుండా "ఏది కదిలితే ఎక్కువ కదులుతుంది" అనే దగ్గర ఆపుతా. మాస్లోకు ఒక క్లాసు, మీ పట్టీల బొమ్మతో. అంతకు మించి ఇవ్వను.

కరెక్షన్ పెన్ను:
సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు, ప్రశ్న మార్చండి చాలు. "మాస్లో అవసరాల సోపానక్రమాన్ని వివరించండి" బదులు "కింది అవసరం పూర్తిగా తీరకుండానే పై అవసరం పనిచేస్తున్న ఒక ఉద్యోగి ఉదాహరణ ఇచ్చి, మాస్లో దాన్ని ఎలా వివరిస్తాడో రాయండి" అని ఇవ్వండి. ఒక చిక్కుంది. కీ (దిద్దేవాళ్లకిచ్చే మార్కుల సూచిక) కూడా అదే రోజు మార్చాలి. పాత కీతో దిద్దితే బొమ్మ గీసినవాడికే మళ్లీ నాలుగు మార్కులు పడతాయి.