సమస్య: "రాతిపువ్వు గెలిచె రాచయుడుము"

నిర్వాహకుడు: రాచయుడుమంటే కోమోడో ఉడుము, మూడు మీటర్ల జంతువుకి ఆ బిరుదు చెల్లుతుంది. రాతిపువ్వు మన పలావు మసాలాలో పడే లైకెనే. కానివ్వండి.

గుణదల మాస్టారు:
బూజు నాచు కలిసి భుజముపై భుజమేసి
కాపురమ్ము పెట్టె గట్టుమీద
ఒంటిదైన దాని కోటమి తప్పునా
రాతిపువ్వు గెలిచె రాచయుడుము

కొత్తపేట అక్కయ్య: రెండో పాదానికి దండం మాస్టారూ. లైకెన్ అంటే శిలీంధ్రం, నాచు కలిసి బతికే జంట అని 1867లో ష్వెండెనర్ చెప్తే తోటి శాస్త్రవేత్తలే చాలామంది కొట్టిపారేశారు, మీరు ఏకంగా కాపురమే పెట్టించారు.

బ్రాడీపేట బుల్లోడు: అసలు పాదం సరిగ్గా చదివారా? ఉడుము ఓడితే "ఉడుమును" అనాలి. రాతిపువ్వులాంటి జడానికైతే, అంటే ప్రాణంలేని వాటి కోవకి, "ను" లేకపోయినా చెల్లుతుంది. అంటే గెలిచింది ఉడుమే!
మగడు లేక గుడ్లు మహరాణి పెట్టెను
జంట లేక పువ్వు జాడ లేదు
ఎవరు గెలిచి రనుచు నెందుకీ తగవయా
రాతిపువ్వు గెలిచె రాచయుడుము
(లండన్, చెస్టర్ జూలలో ఆడ కోమోడోలు మగతోడు లేకుండా పెట్టిన గుడ్లలో పిండాలు పెరిగిన సంగతి 2006లో బయటికొచ్చింది.)

గుణదల మాస్టారు: గుంటూరు వాళ్లు సమస్యను పూరించరు, తిరగేస్తారు. పోయిన నెల చీమ-ఏనుగు పాదానికీ ఈ బుల్లోడిది ఇదే ఎత్తు, పైగా అక్కడ యతి గల్లంతు.

బ్రాడీపేట బుల్లోడు: అది ప్రాసయతి అని అప్పుడే చెప్పాను, మీరు వినిపించుకుంటేగా.

పటమట కుర్రాడు: నేను మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను. "ఏడు తిరుగ నొక్క మిల్లీమీటరు పెరుగు".

కొత్తపేట అక్కయ్య: "మిల్లీమీ" అన్నీ గురువులే నాన్నా, మగణం పడింది, యతీ పోయింది. "ఏడు తిరిగి చూడ నించైన పెరగదు" అనుకో. బండకి అంటుకుపోయే రకాలు చాలావరకు అంతే, ఏడాదికి మిల్లీమీటరు కూడా సాగవు. బుల్లోడి మూడో పాదం మాత్రం భలే, వ్యాకరణం గొడవంతా అందులోనే దాచేశాడు.

గుణదల మాస్టారు: భలేనా! ఒకటి కాదు, రెండు ప్రాణాలున్నది జడమెలా అయిందమ్మా?

బ్రాడీపేట బుల్లోడు: వ్యాకరణంలో చెట్లూ జడాలే కదా మాస్టారూ. అదీ నచ్చకపోతే మీ మసాలా డబ్బా మూత తీయండి. ఒక పక్క బూడిదరంగు, వెనకంతా నలుపు, చేత్తో నలిపితే పొడి. దాన్ని ప్రాణి అంటారా?