1500 లోపు ఐదు స్ట్రెచ్ బ్రేస్‌లెట్లు, పక్కన వాచీ: సైజు, దారం, జత ఎలా చూసుకోవాలి?

మారతహళ్ళి మేఘ

బెంగళూరులో ఉంటాను. ఎడమ చేతికి వాచీ, దాని పక్కన ఐదు స్ట్రెచ్ బ్రేస్‌లెట్లు వరసగా వేసుకుందామని. మణికట్టు చుట్టుకొలత 15 సెం.మీ. బడ్జెట్ 1500 దాటకూడదు. ఆఫీసుకి కుర్తాల మీదకి, ఎప్పుడైనా పట్టుచీర మీదకి కూడా బాగుండాలి. ఆన్‌లైన్‌లో ఏ సెట్ చూసినా "ఫ్రీ సైజు" అనే ఉంది. అది నాకు సరిపోతుందా? తయారు సెట్ కొనుక్కోవడం మేలా, పూసలు కొని గుచ్చుకోవడం మేలా? నెల తిరక్కుండా తెగిపోతాయని అందరూ భయపెడుతున్నారు, ఎందుకు తెగుతాయి?

పూసల లెక్క

మేఘ గారూ, ముందు సైజు సంగతి చూద్దాం. ఫ్రీ సైజు అని రాసిన చోట దారం పొడవు చెప్తారు. మీ చేతికి ఆనేది దారం కాదు, పూసల లోపలి అంచు. దారం పూస నడుమ నుంచి పోతుంది కాబట్టి ప్రతి పూసలోనూ సగం లావు లోపలికి వస్తుంది. గుండ్రంగా చుట్టేసరికి పూస వ్యాసానికి మూడింతల పైచిలుకు కొలత తగ్గిపోతుంది. 4 మి.మీ. పూసకి ఒకటింబావు సెంటీమీటరు, 6 మి.మీ.కి దాదాపు రెండు, 8 మి.మీ.కి రెండున్నర, 10 మి.మీ.కి మూడు దాటి. అందుకే ఒకే పొడవున్న ఐదింటిలో సన్నపూసలది వదులుగా జారుతుంటే లావుపూసలది చర్మం మీద అచ్చులు వేస్తుంది.

మీ 15కి అర సెంటీమీటరు వదులు కలిపి లెక్కేస్తే 4 మి.మీ. పూసలు 42, 6 మి.మీ.వి 29, 8 మి.మీ.వి 23, 10 మి.మీ.వి 19 పడతాయి. బిగుతుగా ఉంటే మంచిదే కదా, స్ట్రెచ్చేగా అనుకుంటారు. ఎప్పుడూ సాగి ఉండే దారం త్వరగా అలిసిపోతుంది, పూసల మధ్య సందులు కూడా కనిపిస్తాయి. చేతికి వేశాక పూసకీ పూసకీ మధ్య దారం కనబడితే ఒక పూస తక్కువైందనే.

ఇంకోటి. బ్రేస్‌లెట్లు వాచీకి మోచేతి వైపు వేస్తే అక్కడ చెయ్యి లావు. ఎముక దగ్గర 15 ఉన్న చెయ్యి నాలుగు వేళ్ళు పైన 16 దాటొచ్చు. అక్కడ కూడా టేపు పెట్టి చూడండి. సెంటీమీటరు పెరిగితే 6 మి.మీ.లో రెండు పూసలు, 8లో ఒకటి, 4లో రెండు మూడు కలపాలి.

నల్లపూసల నాగలక్ష్మి

కొనే సంగతి నేను చెప్తా. చిక్‌పేట మెట్రోలో దిగి మామూల్‌పేట వైపు నడవండి, అవెన్యూ రోడ్డు మీద రాజా మార్కెట్ కూడా చూడండి. ఆభరణాలు చేసుకునే సామాను దొరికేది అక్కడే. కమర్షియల్ స్ట్రీట్‌లో ఎక్కువగా తయారు సెట్లే. కన్నడంలో పూసని "మణి" అంటారు, "సర" అంటే దండ. ఈ రెండు మాటలు చాలు.

పూసల్ని గుచ్చి దండలా అమ్ముతారు, అదే సరం. మామూలుగా 38 నుంచి 40 సెం.మీ. ఉంటుంది. పైన చెప్పిన లెక్కతో చూస్తే 4, 6, 8 ఏ సైజైనా సరానికి రెండు బ్రేస్‌లెట్లు వస్తాయి. అంటే మీకు మూడు సరాలు చాలు, ఆరు వస్తాయి. 8 మి.మీ. టైగర్ ఐ గానీ నల్ల ఓనిక్స్ గానీ ఒకటి, 6 మి.మీ. గాజుపూసలు ఒకటి, 4 మి.మీ. బంగారు రంగు గుండ్లు ఒకటి. డబ్బు పెట్టాల్సింది రాయి సరం మీద. గాజుపూసల్లో ఖరీదైనవాటికీ చవకవాటికీ చేతి మీద తేడా పెద్దగా తెలియదు.

మోసపోయేది గుండ్ల దగ్గరే. "సీసీబీ" అని అమ్మేవి లోపల ప్లాస్టిక్, పైన లోహపు పూత. అరచేతిలో వేసుకుంటే బరువు ఉండదు, చల్లగా తగలవు. చెమటకి పూత పోయి తెల్లబడతాయి. ఇత్తడి మీద పూత వేసినవి అడగండి. అవీ ఎప్పటికైనా నల్లబడేవే, కాకపోతే రుద్దితే లోపల ఇత్తడి రంగే కదా, అంత వికారంగా ఉండదు. నికెల్ పడక చర్మం దద్దుర్లెక్కే వాళ్ళు నికెల్ లేని గుండ్లకే పోవాలి.

చవగ్గా దొరికే "టర్కోయిస్" చాలావరకు రంగు వేసిన హౌలైటు అనే తెల్ల రాయి. అందానికి ఏ లోటూ లేదు, రంగు దిగుతుందేమో మాత్రం చూసుకోండి. ఒక పూసని నెయిల్ పాలిష్ రిమూవర్ తడిపిన తెల్లటి దూదితో రుద్దండి, నీలం అంటితే తెల్ల కుర్తా చేతులకి దూరంగా ఉంచండి. షాపులో దీనికి ఒప్పుకోరు. ముందు ఒకే సరం కొని ఇంట్లో చూసుకోవాలి.

ముడి వీడదు

తెగడం గురించి. తెగిన దారం పారేయకుండా కొసలు చూడండి, కారణం అక్కడే కనిపిస్తుంది. కొసలు మెలిపడి ఉంగరాలు తిరిగి ఉంటే అది తెగలేదు, ముడి జారింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే ఏదో పూస రంధ్రం అంచు కోసింది. కోణాలు చెక్కిన క్రిస్టల్ పూసలూ, రేకుతో చేసిన స్పేసర్లూ (పూసల మధ్య గుచ్చే చిన్న బిళ్ళలు) ఈ పని చేస్తాయి. కొనేటప్పుడే రంధ్రం దగ్గర గోరు పెట్టి చూడండి, గరుగ్గా తగిలితే వద్దు.

దారం 6, 8 మి.మీ. పూసలకి 0.8 మి.మీ., 4 మి.మీ. పూసలకి 0.5 లేదా 0.6. మంచినీటి ముత్యాలకి రంధ్రం మరీ సన్నం, 0.8 దూరదు. గాజులా మెరిసే ఒంటిపోగు దారం అందంగా ఉంటుంది కానీ ముడి జారే గుణం దానిదే. నారలుగా ఉండే చదునైన ఎలాస్టిక్ ముడిని బాగా పట్టుకుంటుంది. బరువైన రాళ్ళకి నేను చెప్పేది అదే.

35 సెం.మీ. ముక్క కోయండి. గుచ్చే ముందు రెండు కొసలూ పట్టుకుని పదిసార్లు మెల్లగా సాగదీయండి. ఇది మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే దారం సాగి వదులవుతుంది, ఆ తప్పు కాస్తా షాపువాడి మీద పడుతుంది. ఒక కొసకి టేపు అంటించి పూసలు గుచ్చండి. రంధ్రం పెద్దదైన పూసని చివర్న పెట్టుకోండి, ముడి దాగేది అందులోనే.

ముడి: మామూలు ముడి వేస్తూ కొసని లోపల నుంచి ఒకసారి కాదు, రెండుసార్లు తిప్పి బిగించండి. దాని మీద అలాంటిదే ఇంకోటి, రెండో వైపు నుంచి. నాలుగు పోగుల్నీ విడివిడిగా లాగి ముడి చిన్న గింజలా గట్టిపడిందో లేదో చూడండి. ఆభరణాలకి వాడే సన్నమూతి జిగురు ఒక్క చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. కొసలు 3 మి.మీ. ఉంచి కత్తిరించి, ముడిని పెద్ద పూసలోకి లాగేయండి.

నల్లపూసల నాగలక్ష్మి

జిగురు కోసం అంత దూరం ఎందుకండీ, ఫెవిక్విక్ చాలదూ?

ముడి వీడదు

చాలదు. అది ఆరాక రాయిలా బిగుసుకుంటుంది, పక్కనున్న దారం మాత్రం సాగుతూ ఉంటుంది. గట్టి భాగం, సాగే భాగం కలిసే చోటే పుటుక్కుమంటుంది. ఫెవిక్విక్ ఒక్కటే ఉంటే జిగురే వద్దు, ముడి ఇంకోటి వేయండి.

మారతహళ్ళి మేఘ

చాలా థాంక్స్ అండీ. మూడు సరాలకే ఫిక్స్. పేర్చే వరస కూడా చెప్తారా? వాచీ గీతలు పడుతుందేమోనని భయం. ముత్యాలది ఒకటి కలపాలని కూడా ఉంది.

జరీ అంచు

భయం ఊరికే కాదు. టైగర్ ఐ, ఓనిక్స్, అమెథిస్ట్ అన్నీ క్వార్ట్జ్ జాతివే, రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ లెక్కలో 7 దగ్గర. వాచీలకి వాడే మామూలు మినరల్ గాజు అంతకంటే మెత్తన, అంచుకి రాసుకుంటూ ఉంటే గీతలు పడతాయి. మీ వాచీది సఫైర్ గాజైతే గట్టిదనం 9, దానికేం కాదు. అయినా కేసు అంచుల మెరుపు పోతుంది. వాచీ పక్కన 6 మి.మీ. గాజుపూసలు, తర్వాత గుండ్లు, తర్వాత 8 మి.మీ. రాయి, మళ్ళీ గాజుపూసలు, చివర్న గుండ్లు. లావుది నడుమ ఉంటే పక్కవి దాని మీదకి ఎక్కవు. ఐదూ కలిపి మూడు సెంటీమీటర్లే, కీబోర్డుకి అడ్డు రాదు.

ముత్యం గట్టిదనం 2.5 నుంచి 4.5. దాన్ని రాయి పక్కన పెట్టకండి, ఒక చివరి గుండ్ల స్థానంలో ముత్యాలది వేయండి, పక్కన గాజుపూసలే ఉంటాయి. పైన పూత వేసిన నకిలీ ముత్యాలు కొంటే రంధ్రం చుట్టూ పూత లేచిందేమో ఒక్కో పూస చూడండి, ఊడటం అక్కడే మొదలవుతుంది.

పట్టుచీర రోజున నక్షత్రం ఆకారపు స్పేసర్లు, వేలాడే చార్మ్‌లు తీసేయండి. చార్మ్ రింగు కలిసే చోట వెంట్రుక మందం సందు ఉన్నా జరీ పోగు అందులో చిక్కుతుంది. లాగితే చీరకే నష్టం.

వేసుకునేటప్పుడు ఒకచోట పట్టి లాగొద్దు. నాలుగు వేళ్ళూ కలిపి ముడిచి, పూసల్ని దొర్లిస్తూ ఎక్కించండి. ఐదూ ఒకేసారి కాదు, ఒక్కొక్కటే. సెంటు ముందు కొట్టుకుని, అది ఆరాకే బ్రేస్‌లెట్లు.