అప్‌డేట్: జిల్లా సైట్లలో పేషెంట్ల నమోదు ఎందుకు ఆగిందో తేలింది

మా బీపీ స్టడీలో రెండు జిల్లా ఆసుపత్రుల్లో నమోదు దాదాపు ఆగిపోయిందని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనిచేసింది స్క్రీనింగ్ లాగ్ (స్టడీకి సరిపోతారేమోనని చూసిన ప్రతి పేషెంటు వివరం రాసే పట్టిక) తెప్పించి చూడమన్న సలహా. నెలవారీ రిపోర్టులో చేరినవాళ్ల లెక్క మాత్రమే వస్తుంది, లాగ్‌లో అయితే ఎవరు ఎక్కడ ఆగిపోయారో వరుసగా ఉంటుంది. అర్హులు దొరుకుతూనే ఉన్నారు, కానీ చాలామంది పేషెంట్ల నంబర్ల ఎదురుగా "సాక్షి లేరు" అని రాసి ఉంది. చదవడం రానివాళ్ల దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు స్టడీతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి, పొద్దున ఓపీ రద్దీలో అలాంటి మనిషి దొరక్క "రేపు రండమ్మా" అని పంపించేస్తున్నారు. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు మళ్లీ ఎలా వస్తారు? నాకు చాలా బాధేసింది. ఇప్పుడు ఓపీ వేళల్లో సాక్షిగా ఉండేవాళ్లను ముందే మాట్లాడి పెట్టాం, ప్రయాణ ఖర్చు అదే రోజు చేతికిచ్చేలా ఎథిక్స్ కమిటీ (స్టడీలో చేరేవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) అనుమతి కూడా తీసుకున్నాం, నమోదు మళ్లీ కదిలింది.

కొందరు అనుకున్నట్టు పోస్టర్లు చాలకపోవడం దీనికి కారణం కాదు. అర్హత నిబంధనలు సడలించే అవసరమూ రాలేదు, అదైతే ప్రోటోకాల్ సవరణ, ఎథిక్స్ కమిటీల ఆమోదం తీసుకుని సీటీఆర్‌ఐలోనూ (క్లినికల్ ట్రయల్స్ వివరాలు నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ) మార్చాల్సి వచ్చేది.