మా ఇంటి వలస కథను చేర్యాల పటంలా వేయొచ్చా?

అందరికీ నమస్తే. మేం పద్మశాలీలం. మా తాత సిరిసిల్ల నుంచి ముంబై దగ్గరి భివండీకి పవర్‌లూమ్ పనికి వచ్చాడు, నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, హిందీ. ఊరికి పోతే 'బొంబాయోళ్ల పిల్ల' అంటారు, ఇక్కడేమో 'తెలుగువాళ్లు' అంటారు.

ఫైన్ ఆర్ట్స్ చివరి ఏడాది ప్రాజెక్టుకు తాత ప్రయాణాన్ని నిలువు పటంగా వేస్తున్నాను. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల కోసం తెలంగాణలోని చేర్యాలలో నకాషీలు (తరతరాల చిత్రకారులు) పొడవాటి బట్ట మీద కథా పటాలు గీసేవారని చదివాక ఈ ఆలోచన వచ్చింది. వాళ్ల పటంలో మా కుల మూలపురుషుడు భావనారుషి ఉన్న చోట నా పటంలో మా తాత, మగ్గం, రైలు పెట్టె. మా సార్ మాత్రం 'ఇది జానపదానికి కాపీ, నీ గొంతు ఎక్కడ?' అన్నారు. ఆ మాట రెండు వారాలుగా తొలిచేస్తోంది.

నకాషీ కుటుంబంలో పుట్టని నేను ఆ ఎర్ర నేపథ్యం, పూల అంచులు తీసుకోవడం తప్పా? మీరైతే ఏది ఉంచుకుంటారు, ఏది వదిలేస్తారు?

ఇంకో తలనొప్పి. ఖాదీ బట్టకు గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూశాను. చుట్టగానే పగుళ్లు! పూత మందమైందా, జిగురు తగ్గిందా? బట్ట ఫోటో కింద పెడుతున్నాను. చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. కూనపులివాళ్లు కథ చెప్పడం చూసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే, పటం ఎలా విప్పుతూ చెప్పేవారో కూడా రాయండి, ప్లీజ్.