పీరియడ్ జన్యువు లేని సముద్ర అనిమోన్‌కు జీవ గడియారం ఎలా వచ్చింది?

ప్రశ్న (తీరవాసి):
జంతువుల జీవ గడియారం గురించి ఏ పాఠ్యపుస్తకం తెరిచినా పండు ఈగలోని పీరియడ్ జన్యువుతోనే కథ మొదలవుతుంది. ఆ జన్యువు తయారు చేయించే ప్రోటీన్ రాత్రికి పేరుకుని, కేంద్రకంలోకి వెళ్లి తన తయారీని తానే నిలిపివేస్తుంది. అది విచ్ఛిన్నమయ్యాక తయారీ మళ్లీ మొదలవుతుంది. 2017 నోబెల్ బహుమతి కూడా ఈ యంత్రాంగాన్ని వెలికితీసినవారికే దక్కింది. అయితే నెమటోస్టెల్లా అనే చిన్న సముద్ర అనిమోన్‌లో (పగడపు జీవులకు బంధువైన, మెత్తని శరీరం గల జీవి) పీరియడ్ గానీ, దాని జోడీ అయిన టైమ్‌లెస్ గానీ లేవని, అయినా అది రాత్రివేళ ఎక్కువగా కదులుతుందని, ఎడతెగని చీకటిలో ఉంచినా ఆ లయ సాగుతుందని చదివాను. మెదడూ లేక, ఆ జన్యువూ లేక గడియారం ఎలా నడుస్తోంది? అసలు ఇది ఒక్కసారే పుట్టిందా, పలుమార్లు పుట్టిందా?

జవాబు (శైలిక):
పీరియడ్ ఈ యంత్రంలో ఆపే భాగం మాత్రమే. నడిపే భాగాలైన క్లాక్, సైకిల్ జన్యువులు రెండూ నెమటోస్టెల్లాలో ఉన్నాయి. క్లాక్ జన్యువును పాడుచేసిన అనిమోన్లు వెలుగు, చీకటి మారుతున్నంత కాలం మామూలుగానే ప్రవర్తించాయి గాని, మార్పు లేని చీకటిలో లయ తప్పాయి. ఇక ఆపే పనిని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ చేస్తూ ఉండవచ్చునని భావిస్తున్నారు. మన కణాలలోనూ ప్రధాన నిరోధకం క్రిప్టోక్రోమే కనుక, ఈ ఒక్క విషయంలో అనిమోన్ ఈగకంటే మనకే దగ్గరి చుట్టమేమో!

ఈ క్రిప్టోక్రోమ్ వంశం ఆసక్తికరమైనది. అతినీలలోహిత కిరణాల వల్ల దెబ్బతిన్న డీఎన్ఏను, నీలి కాంతి శక్తితోనే బాగుచేసే ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ దీనికి పూర్వరూపం. పగటి ఎండ నుంచి తప్పించుకోవడానికి లోతుకు దిగి, చీకటి పడ్డాక పైకి వచ్చిన తొలి సముద్ర జీవులలో, మరమ్మతు చేసే అణువే క్రమంగా వేళను గుర్తించే అణువుగా మారిందని ఒక ఊహ ఉంది. నీలి కాంతి నీటిలో చాలా లోతుకు చేరుతుంది కనుక ఈ ఊహ నాకు నచ్చుతుంది, నిరూపించడం మాత్రం కష్టం. నాడీకణాలు గానీ, మన కంటిలో ఉండి వెలుగును గుర్తించే ఆప్సిన్ ప్రోటీన్లు గానీ లేని యాంఫిమెడాన్ అనే స్పంజికలో కూడా క్రిప్టోక్రోమ్ జన్యువు రోజువారీ లయలో పనిచేస్తుంది.

జవాబు (లోతునీరు):
జన్యువు కనిపించినంత మాత్రాన గడియారం ఉన్నట్టు కాదు. ఆక్రోపోరా అనే పగడపు జీవిలో క్రిప్టోక్రోమ్ జన్యువులు పగలు చురుకుగా ఉంటాయని 2007లో చూపారు గాని, నిరంతర చీకటిలో ఆ హెచ్చుతగ్గులు నిలవలేదు. అంటే అక్కడ కనిపించింది కాంతికి స్పందన. అదే పరిశోధనలో ఆ జన్యువులలో ఒకటి అమావాస్య రాత్రికంటే పౌర్ణమి రాత్రి ఎక్కువగా పనిచేసింది. పౌర్ణమి తర్వాత కొద్ది రాత్రులకు పగడపు జీవులు సామూహికంగా అండాలు వదలడంతో దీనికి సంబంధం ఉండవచ్చు.

పరిణామం ఎప్పుడూ కూడికే కాదు. అనిమోన్‌కు బంధువులైన హైడ్రా, క్లైటియా జెల్లీ చేప క్లాక్, సైకిల్, క్రిప్టోక్రోమ్‌లను పోగొట్టుకున్నాయి. క్లైటియాలో తెల్లవారగానే బీజకోశంలోని కణాలే ఆప్సిన్‌తో వెలుగును గుర్తిస్తాయి, సుమారు రెండు గంటలకు అండాలు బయటికి వస్తాయి. ఇక సయానోబాక్టీరియా (సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా) గడియారం కై అనే వేరే ప్రోటీన్లతో నడుస్తుంది. 2005లో వాటిలో మూడింటిని, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువును పరీక్షనాళికలో కలిపితే కణం లేకుండానే 24 గంటల లయ వచ్చింది. కనుక జీవరాశి మొత్తంలో ఒకటికంటే ఎక్కువసార్లు పుట్టిందనే చెప్పాలి. జంతువులలో మాత్రం పాత భాగాలు ఉమ్మడివి, కూర్పు వేరు.

తీరవాసి:
అనిమోన్ల వంశం విడిపోయినప్పుడు రోజుకు 24 గంటలు ఉండేవి కావు కదా?

జవాబు (శైలిక):
ఉండేవి కావు. దానికంటే తర్వాతిదైన, సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి డెవోనియన్ యుగపు పగడపు శిలాజాలలో రోజుకొకటిగా ఏర్పడిన దినరేఖలను లెక్కించి, అప్పట్లో ఏడాదికి సుమారు 400 రోజులు ఉండేవని శిలాజ శాస్త్రవేత్త జాన్ వెల్స్ 1963లో చూపారు, అంటే రోజుకు సుమారు 22 గంటలు. అయితే నిడివి సవరణ పెద్ద పని కాదు: 1971లో శాస్త్రవేత్తలు కొనోప్కా, బెంజర్ కనుగొన్న ఈగలలో, పీరియడ్‌లోని ఒక ఉత్పరివర్తన (జన్యువులో వచ్చిన మార్పు) లయను 19 గంటలకు కుదించగా, మరొకటి 28 గంటలకు సాగదీసింది.