జమైకా రైస్ అండ్ పీస్‌లో స్కాచ్ బానెట్ మిరపకాయ ఎప్పుడు వేయాలి?

టొరంటోలో ఉంటున్నాం. వచ్చే ఆదివారం జమైకా వాళ్ల రైస్ అండ్ పీస్ వండాలని ఉంది. నానబెట్టిన రాజ్మాని వెల్లుల్లి, ఆల్‌స్పైస్ గింజలతో ఉడికించి, ఆ ఎర్రటి నీళ్లు పారబోయకుండా అందులోనే కొబ్బరిపాలు, ఉల్లికాడలు, థైమ్ రెమ్మలు, బియ్యం వేస్తారు. ఇంతవరకు ఇబ్బంది లేదు.

టెన్షన్ అంతా స్కాచ్ బానెట్ మిరపకాయతోనే. కోయకుండా, తొడిమతో సహా వేయాలి. వాసన దిగాలి, కాయ మాత్రం పగలకూడదు. పగిలితే గుంటూరు కారం తిన్న నోళ్లు కూడా తట్టుకోలేవు, పైగా పిల్లలూ తింటారు.

వండే అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి. కాయని రాజ్మా ఉడికేటప్పుడే వేయాలా, బియ్యం వేశాక పైన పెట్టాలా? మూత పెట్టి సన్నసెగ మీద ఎంతసేపు ఉంచాలి? రెండు కప్పుల బియ్యానికి కొబ్బరిపాలు, రాజ్మా నీళ్లు కలిపి ఎన్ని కప్పులు? బాస్మతి పనికొస్తుందా, ఉప్పుడు బియ్యమే మేలా? ప్రెషర్ కుక్కర్ సలహా మాత్రం వద్దండీ, అందులో కాయ చితికిపోతుందని నా భయం.

ఇంకొకటి. క్రిస్మస్‌కి అక్కడ రాజ్మా బదులు కందులు వేస్తారు. ఫ్రోజెన్ పచ్చి కందులతో ఎవరైనా చేశారా? వాటిని విడిగా ఉడికించాలా, బియ్యంతో పాటే వేసేయొచ్చా?